వేడెక్కాక ముల్లు ఎక్కడుంది? అంబాసిడర్‌లో ఆయిల్ ప్రెషర్ చదవడం ఎలా

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ గేజ్ ముల్లు 60 పౌండ్లు (చదరపు అంగుళానికి) దాటి నిలబడింది. మీరు మురిసిపోయారు. మధ్యాహ్నం ఎండలో గంట తిరిగి సిగ్నల్ దగ్గర ఆగేసరికి అదే ముల్లు జారి జారి 15 దగ్గర కూర్చుంది. గుండె కూడా దానితోపాటే జారింది. పక్కసీటులో ఉన్నాయన "ఇంజిన్ పనైపోయింది, దించాల్సిందే" అన్నాడు.

పాత కారు కొన్న అందరికీ ఈ దృశ్యం ఒక్కసారైనా ఎదురవుతుంది. చాలాసార్లు ఆ పక్కసీటు మాట తప్పు, కొన్నిసార్లు నిజం. రెంటికీ తేడా చెప్పేది ముల్లే. కాకపోతే దాన్ని ఎప్పుడు చూడాలో, ఏ స్పీడులో చూడాలో, అసలు నమ్మాలో లేదో తెలియాలి.

ఇక్కడ నేను చెప్పేదంతా పాత పెట్రోల్ అంబాసిడర్‌కి, అంటే 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజిన్‌కి సంబంధించింది. ఇదే 1489 సీసీ ఇంజిన్ ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ, ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఉండేది. దాని తర్వాత వచ్చిన ఎంజీబీ స్పోర్ట్స్ కారులో ఉన్నది కూడా ఇదే వంశం, కాస్త పెద్దది. కాబట్టి విదేశంలో ఉండి ఎంజీబీ కొనుక్కున్న మనవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది. డీజిల్ అంబాసిడర్‌కీ, తర్వాత వచ్చిన ఇసుజు 1800 ఇంజిన్‌కీ పద్ధతి ఇదే, అంకెలు మాత్రం వాటి మాన్యువల్లో చూసుకోండి.

ముల్లు అసలు దేన్ని చూపిస్తుంది

చాంబర్లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఎంత ఆయిల్ ఉందో ముల్లు చూపించదు. అది ఆయిల్ పుల్ల చేసే పని. పంపు ఎంత ఆయిల్ తోడుతోందో కూడా చూపించదు. తోడిన ఆయిల్ బయటికి పోవడానికి ఎంత ఇబ్బంది పడుతోందో చూపిస్తుంది.

పొలంలో బోరు పైపు గుర్తు తెచ్చుకోండి. మోటారు ఒకే తీరుగా తిరుగుతుంటుంది. పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి, వేలు తీస్తే కాళ్ల దగ్గరే పడతాయి. మోటారు మారలేదు, నీళ్లూ మారలేదు, దారి ఇరుకైందీ వెడల్పైందీ అంతే. ఇంజిన్లో ఆ బొటనవేలు పని చేసేవి బేరింగులు. క్రాంక్ షాఫ్ట్‌కీ (పిస్టన్లు తిప్పే ఇరుసు), దాన్ని పట్టి ఉంచే బేరింగ్ షెల్‌కీ మధ్య ఉండే సన్నని సందులోంచి ఆయిల్ దూరి బయటికి కారి, మళ్లీ చాంబర్లో పడుతుంది. సందు ఎంత ఇరుకైతే అంత ప్రెషర్.

ఆ సందు సుమారు రెండు థౌ ఉంటుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. నోటుబుక్కు కాగితం మూడు నాలుగు థౌల మందం ఉంటుంది, అంటే ఈ సందులో కాగితం కూడా పట్టదు. ఇందులో ఒక మెలిక ఉంది. సందు పెరిగేకొద్దీ కారే ఆయిల్ దాని ఘనం లెక్కన, అంటే ఆ కొలతను మూడుసార్లు వేసి గుణించినట్టు పెరుగుతుంది. రెండు థౌల సందు మూడైతే కారేది ఒకటిన్నర రెట్లు కాదు, మూడు రెట్లు దాటుతుంది. నాలుగైతే ఎనిమిది రెట్లు. బేరింగ్ అరుగుదల ఏళ్ల తరబడి కనిపించకుండా ఉండి, ఆఖర్లో హఠాత్తుగా ముల్లు కూలబడినట్టు అనిపించేది ఇందుకే.

రెండో సంగతి ఆయిల్ చిక్కదనం. తేనె, నీళ్లు ఒకే చిల్లులోంచి ఒకేలా కారవు కదా. చల్లని ఆయిల్ తేనె, వేడి ఆయిల్ దాదాపు నీళ్లు. మూడోది ఇంజిన్ స్పీడు. పంపును క్యామ్ షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులు తెరిచే ఇరుసు) తిప్పుతుంది కాబట్టి ఇంజిన్ మెల్లగా తిరిగితే పంపు తక్కువ తోడుతుంది. సందు, చిక్కదనం, స్పీడు, ఈ మూడూ కలిస్తేనే ముల్లు చూపే అంకె. అందుకే "నా కారు ప్రెషర్ ఎంతుండాలి" అనే ప్రశ్నకు ఒక్క అంకె జవాబు లేదు. ఎంత వేడిలో, ఎంత స్పీడులో అని ఎదురు ప్రశ్న వేయాలి.

పంపు దగ్గర ఇంకొకటుంది, రిలీఫ్ వాల్వ్. స్ప్రింగు నొక్కిపెట్టిన చిన్న మూత ఇది. ప్రెషర్ హద్దు దాటితే మూత లేచి, ఎక్కువైన ఆయిల్‌ని తిరిగి చాంబర్లోకి వదిలేస్తుంది. పొద్దున చల్లని ఇంజిన్‌ని ఎంత రేజ్ చేసినా ముల్లు ఒకచోట ఆగిపోతుందే, అక్కడ వాల్వ్ తెరుచుకుందన్నమాట. వేడెక్కాక ఐడ్లింగులో, అంటే బండి ఆగి ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు, అది మూసుకునే ఉంటుంది. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి, కిందికి వెళ్లాక దీంతో పని ఉంది.

మొదటి మెట్టు: మీ ముల్లు ఏ రకమో చూడండి

పాత కార్లలో మూడు ఏర్పాట్లు కనిపిస్తాయి. మెకానికల్ గేజ్ అయితే ఇంజిన్ బ్లాక్ నుంచి సన్నని పైపు డాష్‌బోర్డు దాకా వస్తుంది, అందులో నిజంగానే ఆయిల్ ఉంటుంది. గేజ్ లోపల వంచిన ఇత్తడి గొట్టం ప్రెషర్‌కి కొద్దిగా విచ్చుకుంటుంది, దానికి కట్టిన ముల్లు తిరుగుతుంది. ఎలక్ట్రిక్ గేజ్ అయితే బ్లాక్‌కి బిగించిన సెన్సర్ నుంచి వైరు మాత్రమే వస్తుంది. మూడోది గేజే లేకుండా ఎర్ర దీపం ఒక్కటే.

దీపం గురించి నా అభిప్రాయం కటువుగానే చెబుతాను. ఆ స్విచ్‌లు చాలావరకు 5 నుంచి 10 పౌండ్ల మధ్యకు ప్రెషర్ పడిపోయాకే దీపం వెలిగిస్తాయి. రోడ్డు మీద 60 కిలోమీటర్ల స్పీడులో ఉండగా ప్రెషర్ 50 నుంచి 15కి పడినా దీపం కిక్కురుమనదు. అది వెలిగేసరికి కథ చివరికొచ్చి ఉంటుంది. కారు మీద ప్రేమ ఉంటే మెకానికల్ గేజ్ ఒకటి పెట్టించుకోండి, దీపాన్ని మాత్రం తీసేయకండి. టీ-జాయింట్ వేస్తే రెండూ పనిచేస్తాయి.

దీపమే ఉన్నవాళ్లు రోజూ ఒక పని చేయాలి. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు దీపం వెలుగుతోందా లేదా చూడండి. వెలగకపోతే బల్బు పోయి ఉండాలి, వైరు తెగి ఉండాలి, లేదా స్విచ్ చచ్చి ఉండాలి. స్విచ్ దగ్గర వైరు ఊడదీసి బ్లాక్‌కి ఆనించండి. అప్పుడు వెలిగితే బల్బూ వైరూ బాగున్నట్టే, స్విచ్ మార్చాలి.

రెండో మెట్టు: ఆయిల్ పుల్ల తీయండి

ఇది అందరికీ తెలిసిందే కాబట్టి అందరూ దాటేసేది కూడా ఇదే. కారు చదునైన చోట ఉండాలి. ఇంజిన్ ఆపి పది నిమిషాలైనా ఆగాలి, పైనున్న ఆయిల్ కిందికి దిగాలి కదా. పుల్ల తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి.

లెవెల్ తక్కువుంటే ముల్లు మామూలుగానే ఉండి, గట్టిగా బ్రేకు వేసినప్పుడో మలుపు తిరిగినప్పుడో టక్కున పడి లేస్తుంది. ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, పంపు జల్లెడ గాలి పీలుస్తోందని దానర్థం. చాలామందికి ఇదొక్కటే జబ్బు, అర లీటరుతో నయమైపోతుంది.

లెవెల్ ఎక్కువుండటం ఇంకా అనుమానించాల్సిన సంగతి. మీరు పోయకుండానే పెరిగిందంటే పెట్రోలు కలుస్తోంది. మెకానికల్ పెట్రోల్ పంపు ఉన్న బండిలో దాని డయాఫ్రం చిరిగితే పెట్రోలు నేరుగా చాంబర్లోకి దిగుతుంది. చోక్ సరిగ్గా వెనక్కి పోకపోయినా, కార్బురేటర్ పొంగుతున్నా అంతే. పుల్లను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయండి, మధ్యలో నల్లమచ్చ వదిలి చుట్టూ పల్చటి పసుపు వలయం వేగంగా పాకితే పెట్రోలు కలిసినట్టు అనుమానించాలి. ఇక ఆయిల్ పోసే మూత లోపల మజ్జిగ రంగు జిడ్డు కనిపిస్తే నీళ్లు. చలికాలంలో దగ్గరి దూరాలు తిరిగే బండికి కొంచెం కనిపించడం మామూలే, పుల్లకు కూడా అదే రంగు అంటిందంటే హెడ్ గాస్కెట్ చూపించాలి.

ఆయిల్ గ్రేడ్ దగ్గర చాలా గందరగోళం ఉంది. ఇప్పటి కార్లకు పోసే 5డబ్ల్యు-30 లాంటి పల్చటి ఆయిల్ ఖరీదెక్కువ కాబట్టి మంచిదనుకుని పాత ఇంజిన్‌లో పోస్తుంటారు. 100 డిగ్రీల వేడి దగ్గర 30 గ్రేడ్ ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 దాకా ఉంటుంది, 50 గ్రేడ్‌ది 16.3 నుంచి 21.9 దాకా. కొలత సెంటీస్టోక్స్‌లో. అంటే వేడి మీద 50 గ్రేడ్ ఇంచుమించు రెట్టింపు చిక్కగా ఉంటుంది. ముందున్న డబ్ల్యు అంకె చలిలో స్టార్టింగ్ కోసం. రామగుండంలోనో రెంటచింతలలోనో ఉన్నవాళ్లకు మంచు కాలపు 5డబ్ల్యుతో పనేముంది! ఈ ఇంజిన్‌కి 20డబ్ల్యు-50 పోయండి, దొరకనప్పుడు 20డబ్ల్యు-40. నేను మూడు నాలుగు వేల కిలోమీటర్లకోసారి, తిరగకపోయినా ఏడాదికోసారి మారుస్తాను.

మూడో మెట్టు: ముల్లును అనుమానించండి

నా దగ్గరున్నది 1972 మార్క్ 2. కొన్న కొత్తలో డాష్‌బోర్డు కింద ముందరి ఓనరు బిగించిన గేజ్ ఎప్పుడూ 20 దాటేది కాదు. చూపించిన మొదటి మెకానిక్ ఇంజిన్ దించుదామన్నాడు, లేత్ పని, షెల్స్, రింగులు అన్నీ లెక్క కట్టి చీటీ కూడా రాశాడు. ఆ చీటీ జేబులో పెట్టుకుని ఒక పెద్దాయన దగ్గరికెళ్తే, ఆయన ముందు గేజ్ వెనక పైపు విప్పి ఇంజిన్ ఒక్క క్షణం తిప్పించాడు. ఆయిల్ చిమ్మలేదు, చెమటలా ఊరింది. పైపు బ్లాక్ దగ్గర నొక్కుకుపోయి, లోపల గట్టిపడిన మడ్డి పేరుకుని ఉంది. కొత్త పైపు వేశాక ముల్లు 48 చూపించింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లబోయాను.

కాబట్టి ఒక్క బోల్టు విప్పకముందు, వేరే గేజ్‌తో సరిచూసుకోండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల మెకానికల్ టెస్ట్ గేజ్‌లు కొనుక్కోవచ్చు, తెలిసిన మెకానిక్ దగ్గర అప్పు తెచ్చుకోవచ్చు. కొలిచే చోటు ఈ ఇంజిన్‌లో బ్లాక్ కుడిపక్క వెనకవైపు ఉంటుంది. ఆయిల్ పుల్ల, ఫిల్టర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న పక్కే. అక్కడున్న పైపు విప్పి, మర కొలత సరిపోయే అడాప్టర్‌తో టెస్ట్ గేజ్ బిగించండి. పాత ఇంగ్లిష్ మరలు, ఇప్పటి మెట్రిక్ మరలు చూడ్డానికి ఒకేలా ఉండి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటాయి. బలవంతం చేస్తే బ్లాక్ మర పోతుంది, దాన్ని బాగుచేయడం గేజ్ కన్నా పదింతలు ఖర్చు. పాత ఫిట్టింగును వెంట తీసుకెళ్లి జత కలిపి తెచ్చుకోండి.

టెస్ట్ గేజ్, మీ గేజ్ అయిదారు పౌండ్ల తేడాలో ఉంటే చాలు, మీ గేజ్‌ని నమ్మొచ్చు. ఎప్పుడూ పది తక్కువ చూపిస్తే ఆ పది కలుపుకుని చదువుకోండి, పాత గేజ్ అందం కోసం ఉంచుకోవాలనుకునే వాళ్లకు ఇది మంచి మార్గం. ఎలక్ట్రిక్ గేజ్ అయితే సెన్సర్ మరకు తెల్ల టేపు మందంగా చుట్టారేమో చూడండి. సెన్సర్‌కి ఎర్త్ మర ద్వారానే అందాలి, టేపు అడ్డుపడితే ముల్లు పిచ్చిగా ఊగుతుంది లేదా అసలు లేవదు.

పైపు పని చేస్తున్నప్పుడు రెండు చిన్న సంగతులు. స్మిత్స్ లాంటి పాత గేజ్‌ల వెనక, పైపు బిగిసే చోట తోలు వాషర్ ఉంటుంది. అది ఎండి రాలిపోతే మీ ప్యాంటు మీద వేడి ఆయిల్ చుక్కలు పడతాయి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, బాడీ ఊగదు. అందుకని మధ్యలో రబ్బరు గొట్టం ఉండాలి, లేదా రాగి పైపును రెండు మూడు చుట్లు చుట్టి వదులు ఉంచాలి. తిన్నగా లాగి బిగించిన రాగి పైపు ఏదో ఒక రోజు విరుగుతుంది. విరిగితే పంపు పద్ధతిగా చాంబర్లోని ఆయిలంతా రోడ్డు మీద పోస్తుంది.

నాలుగో మెట్టు: ఒక చిన్న నోటుబుక్కు

డాష్‌బోర్డు అరలో వంద పేజీల పుస్తకం, ఒక పెన్ను పెట్టుకోండి. నెలకోసారి, అదే రోడ్డు మీద, ఈ నాలుగు అంకెలు రాయండి.

చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలో, కొద్దిగా రేజ్ చేసి ఉంచినప్పుడు ఎంత.
అరగంట ఆగకుండా నడిపాక, టాప్ గేర్‌లో 60 కిలోమీటర్ల స్పీడులో ఎంత.
వెంటనే పక్కకు ఆపి, న్యూట్రల్‌లో ఐడ్లింగులో ఎంత.
స్టార్ట్ చేసినప్పుడు ముల్లు లేవడానికి ఎన్ని క్షణాలు పట్టింది.

అరగంట అని ఎందుకంటున్నానంటే, నీళ్ల వేడి ముల్లు పది నిమిషాల్లో మధ్యకు వచ్చేస్తుంది గానీ ఆయిల్ అంత తొందరగా వేడెక్కదు. పది నిమిషాలకే చూసి "నా ఇంజిన్ 60 కొడుతోంది" అనుకునేవాళ్లు చాలామంది. ఆ రోజు ఎండ ఎలా ఉందో, ఏ ఆయిల్ ఉందో, కిలోమీటర్లెన్నో పక్కన రాయండి. జనవరి అంకెనీ మే అంకెనీ పోల్చి భయపడొద్దు. పోయిన మే అంకెతో ఈ మే అంకెను పోల్చండి.

ఐడ్లింగు రాసే ముందు ఇంజిన్ ఎంత మెల్లగా తిరుగుతోందో కూడా చూడాలి. నిమిషానికి 600 చుట్లు తిరగాల్సింది మైలేజీ కోసమని 400కి తగ్గించి పెట్టిన బళ్లున్నాయి. స్క్రూ పావు చుట్టు తిప్పితే అయిదు పౌండ్లు లేచిన ఇంజిన్లు చూశాను.

అంకెలు ఏం చెబుతున్నాయి

ఇదే వంశానికి చెందిన ఎంజీబీకి కంపెనీ పుస్తకంలో ఇచ్చిన లెక్క: నడుస్తున్నప్పుడు 50 నుంచి 80 పౌండ్లు, ఐడ్లింగులో 10 నుంచి 25. గేజ్ మీద బార్ ఉన్నవాళ్లు 14.5తో భాగించుకోండి, 50 పౌండ్లంటే సుమారు మూడున్నర బార్. కిలోల గేజ్‌లోనూ దాదాపు అదే.

ఐడ్లింగులో 10 అని కంపెనీయే రాసిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అయితే తిరిగే షాఫ్ట్‌ని షెల్ మీద తేల్చి ఉంచేది పంపు ప్రెషర్ కాదు. షాఫ్ట్ తన తిరుగుడుతోనే ఆయిల్‌ని సందులోకి ఈడ్చుకుని, గేజ్ మీద కనిపించేదానికన్నా ఎన్నో రెట్ల ప్రెషర్‌ని తనే పుట్టించుకుంటుంది. పంపు చేయాల్సింది అక్కడికి ఆయిల్ ఆగకుండా అందించడం. బరువు మోయని ఐడ్లింగులో 12, 15 పౌండ్లకు ఇంజిన్ ఏమీ కాదు. అదే 15 పౌండ్లతో అయిదుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కితే మాత్రం బేరింగ్ పోతుంది.

పాత మూడు బేరింగుల అంబాసిడర్ ఇంజిన్‌కి నా కొలమానం ఇది. బాగా వేడెక్కాక, 60 స్పీడులో 45 పైన ఉంటే ఆ సంగతి మర్చిపోయి కారు నడుపుకోండి. 35 నుంచి 45 మధ్య ఉంటే వయసుకు తగ్గట్టుంది, నోటుబుక్కు రాస్తూ ఉండండి. 25 నుంచి 35 అయితే కింద చెప్పే పనులు వరసగా చేయించండి, దూర ప్రయాణాలు తగ్గించండి. 25 కన్నా తక్కువైతే బండి ఇంట్లో పెట్టాలి. వెయ్యి చుట్లకు పది పౌండ్లు అని మెకానిక్‌లు చెప్పే పాత లెక్క కూడా సుమారుగా ఇక్కడికే వస్తుంది.

అంకె కన్నా ముల్లు నడక ఎక్కువ చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడు 60, వేడెక్కాక రోడ్డు మీద 50, ఐడ్లింగులో 15 అంటే వేడికి పల్చబడ్డ ఆయిల్, అంతకు మించి ఏమీ లేదు. చల్లగా ఉన్నప్పుడు కూడా 30 దాటకపోతే, ఎంత రేజ్ చేసినా అక్కడే నిలిస్తే, రిలీఫ్ వాల్వ్ ముందుగానే తెరుచుకుంటోంది. చల్లగా బాగుండి, వేడెక్కాక స్పీడులోనూ ఐడ్లింగులోనూ రెండుచోట్లా దిగజారితే బేరింగ్ సందు పెరిగిందని అనుమానం, కింద నుంచి బరువుగా దబదబమనే చప్పుడు కూడా ఉంటే అనుమానం కూడా అక్కర్లేదు. వేడెక్కాక కూడా 80 దాటి దిగనంటే సంతోషపడొద్దు. వాల్వ్ ఇరుక్కుని ఉండొచ్చు, ఎవరో గట్టి స్ప్రింగు వేసి ఉండొచ్చు, లేదా గేజ్ తర్వాతి దారిలో ఎక్కడో మడ్డి అడ్డుపడి ఉండొచ్చు. చివరిదైతే బోరు పైపు మీద బొటనవేలు పూర్తిగా నొక్కిపెట్టినట్టే, ముల్లు ఘనంగా ఉంటుంది, అవతల ఆయిల్ అందదు.

పొద్దున ముల్లు లేవడానికి అయిదారు క్షణాలు పడుతోందంటే, రాత్రి ఫిల్టర్లోంచి ఆయిల్ దిగిపోయి ఉంటుంది. ఫిల్టర్ మార్చినప్పుడు గిన్నెలోని రబ్బరు రింగు, వాషర్లు సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. పాత రింగు గాడిలోనే ఉండగా దానిమీద కొత్తది వేసి, బిగుసుకోక, రోడ్డంతా ఆయిల్ చేసుకున్నవాళ్లు తక్కువమందేమీ కాదు.

బాగుచేయించే వరస

తక్కువ ఖర్చుది ముందు, ఎక్కువ ఖర్చుది చివర. గేజ్ సరిచూశారు. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి మళ్లీ నాలుగు అంకెలు రాయండి. సగం కేసులు ఇక్కడే ముగుస్తాయి.

మిగిలినవాళ్లు రిలీఫ్ వాల్వ్ విప్పాలి. ఈ ఇంజిన్‌లో అది బ్లాక్ ఎడమపక్క, వెనకవైపు, గుండ్రటి తలున్న పెద్ద నట్ కింద ఉంటుంది. సైలెన్సర్ మానిఫోల్డ్ ఉన్న పక్క కాబట్టి ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి. నట్ విప్పితే రెండు వాషర్లు, స్ప్రింగు, లోపల చిన్న గిన్నెలాంటి వాల్వ్ వస్తాయి. వాషర్లు ఎన్ని వచ్చాయో, ఏ వరసలో వచ్చాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వాల్వ్ కూర్చునే అంచు మీద గీతలు, గుంటలు ఉంటే, ఇనుప రవ్వ అంటుకుని ఉంటే, మూత పూర్తిగా మూసుకోదు. అప్పుడు ఐడ్లింగులో కూడా కారుతూనే ఉంటుంది. సన్న వాల్వ్ పేస్ట్‌తో తేలిగ్గా రుద్ది కూర్చోబెట్టొచ్చు, ఆ తర్వాత పేస్ట్ ఆనవాలు కూడా లేకుండా కడగాలి, అది ఆయిల్లోకి పోతే బేరింగుల్ని తినేస్తుంది. ఎంజీబీలో ఈ స్ప్రింగు విడిగా ఉన్నప్పుడు మూడు అంగుళాలు, అంటే 76 మిల్లీమీటర్లు ఉంటుంది. మీది కుంగిపోయి పొట్టిగా ఉంటే మార్చేయండి.

ఇక్కడే పాత కిటుకు ఒకటి తిరుగుతుంటుంది, స్ప్రింగు వెనక రెండు వాషర్లు అదనంగా వేసి ప్రెషర్ పెంచడం. ఇందాక గుర్తు పెట్టుకోమన్న వాక్యం ఇప్పుడు తీయండి. ఐడ్లింగులో వాల్వ్ మూసుకునే ఉంటుంది. మూసుకున్న మూతను ఇంకా గట్టిగా నొక్కితే ఐడ్లింగు ప్రెషర్ ఎలా పెరుగుతుంది? పెరగదు. పొద్దున చల్లని ఆయిల్‌తో పైహద్దు మాత్రం పెరిగి ఫిల్టర్ రింగు మీద, పంపు నడిపే పళ్ల మీద భారం పడుతుంది. ఆయిల్లో పోసే చిక్కటి జిడ్డులాంటి డబ్బా మందులూ ఇలాంటివే, ముల్లును జోకొడతాయి తప్ప సందును పూడ్చవు.

వాల్వ్ బాగానే ఉంటే చాంబర్ దించాలి. ఇంజిన్ బండిలో ఉండగానే దించొచ్చు. ముందు జల్లెడ చూడండి, గాస్కెట్ ముక్కలు, గడ్డకట్టిన మడ్డి, పాత గాస్కెట్ గమ్ము తీగలు అక్కడ పోగుపడతాయి. చాంబర్ అడుగున మెరిసే పొడి ఉందేమో వేలితో రాసి చూడండి. వెండిరంగు పొడి షెల్ పైపొరది, దాని కింది రాగిరంగు కనిపించిందంటే ఆ పైపొర పోయింది. అదే పనిలో కింది బేరింగ్ టోపీ ఒకటి విప్పి షెల్ చూడొచ్చు. ప్లాస్టిగేజ్ దారం ముక్క పెట్టి బిగించి, విప్పి, అది ఎంత చదునైందో కొలిస్తే సందు ఎంతో తెలుస్తుంది.

క్రాంక్ కొలిపించకుండా కొత్త షెల్స్ మాత్రం వేసేద్దామనే ప్రలోభానికి లొంగొద్దు. షాఫ్ట్ కోడిగుడ్డులా అరిగి ఉంటే కొత్త షెల్ నెలలు కూడా ఆగదు. లేత్ షాపులో మైక్రోమీటర్ పెట్టి చూసి, గ్రైండింగ్ అవసరమైతే 10, 20, 30, 40 థౌలలో ఏ సైజుకి వస్తుందో చెబుతారు. ఇంకో మాట గట్టిగా అడగండి: క్యామ్ షాఫ్ట్ బుష్‌లు చూస్తారా? క్రాంక్ పని మొత్తం చేయించి, క్యామ్ బుష్‌లు పాతవే వదిలేసి, "అంతా కొత్తదే అయినా ప్రెషర్ రాలేదు" అని తలపట్టుకున్న వాళ్లు ఉన్నారు. ఆయిల్ ఏ సందులోంచి కారినా ముల్లుకు ఒకటే. రాకర్ షాఫ్ట్ కూడా ఆ లెక్కలోదే.

ఇంజిన్ కట్టాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు తొందరపడొద్దు. ఎండిన పంపు ఆయిల్‌ని పైకి లాగలేదు, కాబట్టి బిగించేటప్పుడే పంపులో ఆయిల్ నింపాలి. ప్లగ్గులు నాలుగూ తీసేసి, ఇగ్నిషన్ వైరు ఊడదీసి, ముల్లు కదిలేదాకా స్టార్టర్‌తో కాస్త కాస్త తిప్పండి. కదలకపోతే గేజ్ పైపు పెట్టే చోటి నుంచి ఆయిల్ డబ్బాతో లోపలికి ఎక్కించి మళ్లీ తిప్పండి. ముల్లు లేచాకే ప్లగ్గులు బిగించాలి.

రోడ్డు మీద ముల్లు సున్నాకు పడితే

ఆలోచించకండి. క్లచ్ నొక్కండి, ఇంజిన్ ఆపండి, న్యూట్రల్‌లో దొర్లుతూ ఎడమపక్కకు తీసుకోండి. స్టీరింగ్ లాక్ ఉన్న బండి అయితే తాళం లాక్ దాకా తిప్పకుండా ఇంజిన్ ఆగేవరకే తిప్పండి. "ముందు పెట్రోల్ బంకు దాకా పోదాం" అనే కిలోమీటరులోనే క్రాంక్ పోతుంది.

బండి కింద, బానెట్ లోపల చూడండి. ఆయిల్ చిమ్మి ఉంటే గేజ్ పైపో, ఫిల్టర్ రింగో, డ్రెయిన్ నట్టో. గేజ్ పైపు అయితే బ్లాక్ దగ్గర రంధ్రాన్ని మూసే బోల్టు ఒకటి డిక్కీలో ఉంచుకుంటే ఇంటికి చేరొచ్చు. ఆ కొలత బోల్టు, రాగి వాషర్, రెండు లీటర్ల ఆయిల్ నా డిక్కీలో ఎప్పుడూ ఉంటాయి. ఎక్కడా కారకుండా, పుల్ల మీద లెవెల్ బాగుండి, ముల్లు సున్నా చూపిస్తే అది గేజ్ తప్పే కావొచ్చు, పంపు నడిపే కడ్డీ తెగడమూ కావొచ్చు. ఆ రెండింటిలో ఏదో రోడ్డు పక్కన తేల్చుకోవాలంటే గేజ్ పైపు వదులు చేసి, ప్లగ్గులు తీసి, స్టార్టర్ తిప్పి ఆయిల్ వస్తుందేమో చూడాలి. రాకపోతే తాడు కట్టి లాక్కెళ్లడమే.

కొనడానికి వెళ్లినప్పుడు

ఫోన్‌లోనే చెప్పండి, "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దండీ" అని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే చల్లని స్టార్టింగు ఎలా ఉంటుందో మీకు చూపించడం ఇష్టం లేదన్నమాట. చల్లగా ఉంటే ముల్లు ఎంతసేపటికి లేస్తుందో లెక్కపెట్టుకోండి, పుల్ల తీసి వేళ్ల మధ్య రుద్ది చూడండి. సాగే బంకలా ఉంటే నిన్న రాత్రి డబ్బా మందు పోసి ఉంటారు. తర్వాత వీధి చివర దాకా కాదు, అరగంట నడపనివ్వమని అడగండి. తిరిగొచ్చి ఐడ్లింగులో ముల్లు 10 కన్నా కిందుంటే, అమ్మే ఆయన "అంబాసిడర్‌కి ఇంతే ఉంటుందండీ" అంటాడు. మీ నోటుబుక్కు తీసి ఆ అంకె అక్కడే, ఆయన ముందే రాసుకోండి. లేత్ పని, షెల్స్, గాస్కెట్ సెట్ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగడానికి ఆ పేజీ ఒక్కటే మీకు ఆధారం.